నేల మీద పెట్టిన ఈటెలు

చిన్న కథే చెబుతాను. చెంబెడు నీళ్ళు తాగి వచ్చేలోగా అయిపోయేంత కథ. అది వినేసి కళ్ళు మూసుకోవాలి. కైలాసూ, కాలు తియ్యి, అది నా దిండు. భార్గవీ, నువ్వూ ఇలా జరుగు.

అసలీ కథ ఎందుకు గుర్తొచ్చిందంటే, సాయంత్రం భార్గవి మామిడికాయ కోసి, కత్తి తీసుకెళ్ళి తమ్ముడి చేతిలో పెట్టింది. నేను కసిరాను. కత్తి చేతికివ్వకూడదే, కింద పెట్టు, వాడే తీసుకుంటాడు అన్నాను. ఎందుకని అడిగింది. చేతికిస్తే ఇద్దరికీ గొడవలవుతాయట. మీ తాతయ్యకి నేనేనాడూ కత్తి చేతికివ్వలేదు. అయినా మా గొడవలు మాకున్నాయి, అది వేరే సంగతి. ఎదురింటి సత్తెమ్మ మొన్న మన కత్తిపీట పట్టుకెళ్ళింది. తిరిగి తెచ్చి, పలకరించకుండా గడపలో పెట్టి చక్కా పోయింది. అదేమే అంటే, చేతికివ్వకూడదు కదా వదినా అంది. పీట కాలు విరిగిందని నేను తర్వాత చూసుకున్నాను. కింద పెట్టేసి వెళ్ళిపోవడంలో ఎంత సుఖముందో చూశారా? ఆ సుఖం గురించే ఈ కథ.

అనగా అనగా ఒక ఏరు. ఏటికి ఇవతల ఒక రాజ్యం, అవతల ఒక రాజ్యం. ఇవతలి రేవు పక్కన పేరయ్య అనే కమ్మరి కొలిమి ఉండేది. పేరయ్య మంచివాడు. ఎంత మంచివాడంటే, ఎవరేమడిగినా కాదనేవాడు కాదు. అలాంటి మంచివాళ్ళంటే నాకు భయం. నాగలికి కర్రు అడిగితే కర్రు, కొడవలి అడిగితే కొడవలి, ఈటె అడిగితే ఈటె. చేసిన ప్రతిదాని మీదా చిన్న వేపాకు గుర్తు కొట్టేవాడు. అది వాళ్ళ ఇంటి గుర్తు.

ఆయన కోడలు నూకాలు. అవతలి ఒడ్డు కమ్మరి పిల్ల. మామ ఇనుము కొడుతుంటే తను తిత్తి ఊదేది. అంటే తోలుసంచి నొక్కి నిప్పుకి గాలి తగిలించడమన్నమాట. మొగుడు లేడా అని అడుగుతారు. ఉన్నాడు. ఈ కథలో అతనికి పనిలేదు, పడుకోనిద్దాం.

అవతలి రాజుకి తన జనమంటే పడదు. జనం లేకపోతే రాజెలా అవుతాడని అడక్కండి, ఆ సంగతి అతనికీ తట్టలేదు. అక్కడ కరువొచ్చింది. గాదెలు తెరవండి బాబూ అని జనం వెళితే, ఈటెలు పట్టుకున్న భటుల్ని వాళ్ళ మీదికి వదిలాడు. సంతకొచ్చిన ఆడవాళ్ళ నోట ఈ మాట ఇవతలికి పాకింది. మన రాజు మెత్తటివాడు. అన్నం తిన్నాక ఎవరి కష్టం విన్నా కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. తినకముందు మాత్రం చెప్పకూడదు. ఎవరో సమయం చూసి చెప్పారు. ఆయన ఏడ్చి, దండోరా వేయించాడు. తన జనాన్ని పొడిపించే రాజు చేతికి మన రాజ్యం వాళ్ళెవరూ ఆయుధం ఇవ్వకూడదు, ఇస్తే చెరసాల అని. జనం సంబరపడ్డారు. రాజుగారికి శాలువా కప్పారు. శాలువా కప్పామంటే పని అయిపోయినట్టే కదా మన దగ్గర.

అందరికన్నా ఎక్కువ సంబరపడింది నూకాలు. పుట్టినింటి వాళ్ళు బతికారనుకుంది. ఆ రోజు దేవుడి దగ్గర దీపంలో నూనె కాస్త ఎక్కువే పోసింది.

కానీ కొలిమి చల్లారలేదు. ఈటెల పని వస్తూనే ఉంది. తెచ్చేవాడు కోటిలింగం అనే వర్తకుడు. మెడలో రుద్రాక్షలు, నోట్లో ఎప్పుడూ దేవుడి పేరు. ఎవరికి బాబూ ఇన్ని ఈటెలు అని నూకాలు అడిగితే, అడవిపందులకమ్మా అన్నాడు. మొక్కజొన్న చేలు పాడుచేస్తున్నాయన్నాడు. పాపం పిల్ల నమ్మింది. తిత్తి ఊదింది. ఊది ఊది అరచేతులు బొబ్బలెక్కాయి.

ఊ కొడుతున్నారా? కైలాసు కొడుతున్నాడు. భార్గవి ఆలోచిస్తోంది. ఆలోచించేవాళ్ళకి కథ చెప్పడం కష్టం, అయినా కానీ.

ఒక మధ్యాహ్నం కుండల పడవలో, కుండల మధ్య ముడుచుకుని కూర్చుని, నూకాలు తల్లి వచ్చింది. మంచినీళ్ళిస్తే తాగలేదు. కొంగులోంచి ఒక పాతగుడ్డ మూట తీసి నేల మీద పెట్టింది. ఇనుమాయె, చేతికివ్వకూడదని అంత దుఃఖంలోనూ మరవలేదు ఆ తల్లి. నూకాలు మూట విప్పింది. ఈటె మొన. కొత్తది. మొన కింద వేపాకు గుర్తు.

నూకాలుని ఎత్తుకుని పెంచిన మేనత్త ఉండేది, చిలకమ్మని. గాదె ముందు చేట పట్టుకుని నిలబడిందట. చేట తప్ప ఏమీ లేదు చేతిలో. భటులొస్తున్నారని అందరూ పరిగెడితే ఆవిడ కూడా వెనక్కి తిరిగింది. ఈ మొన ఆవిడ వీపులో దొరికింది. ఇలాంటివి పిల్లలకి చెప్పకూడదంటుంది మీ అమ్మ. చేసినవాళ్ళకి లేని సిగ్గు చెప్పేదాన్ని, నాకెందుకు?

తల్లి ఇంకో మాట చెప్పింది. పున్నమికి మరో ఈటెల పడవ వస్తుందని అక్కడి భటులు పందాలు కాస్తున్నారట. ఈసారి మీ అన్నయ్య వాళ్ళ వీధే అంటున్నారమ్మా అంది. ఆ మాట చెప్పి, అదే కుండల పడవలో వెళ్ళిపోయింది. ఉండమంటే ఉండలేదు. ఇంట్లో మీ నాన్న ఒక్కడే ఉన్నాడంది.

నూకాలు ఆ మొన కొంగున ముడేసుకుని బయల్దేరింది. ఈ ఈటెలు చేసిందెవరని మామనడిగింది. చేశానంతే, అమ్మలేదన్నాడు. కోటిలింగాన్ని అడిగింది. అమ్మానంతే తల్లీ, దాటించలేదన్నాడు. పడవవాణ్ణి అడిగింది. దాటించానంతే అక్కా, చేతికివ్వలేదన్నాడు. మరేం చేశావురా అంటే, అవతలి గట్టు మీద పెట్టి వచ్చేశానన్నాడు. ఇనుము చేతికివ్వకూడదు కదా, నేల మీద పెట్టాను, వాళ్ళే తీసుకున్నారన్నాడు. రేవు అధికారిని అడిగింది. చట్టంలో ఇవ్వకూడదనే ఉంది, నేల మీద పెట్టకూడదని లేదే, మేం చూసే వదిలాం అన్నాడు. ఇక గట్టుని అడుగుదామంటే గట్టుకి నోరు లేదు.

తమాషా చూశారా? గొడవలు రాకూడదని మన పెద్దవాళ్ళు పెట్టుకున్న అలవాటది. ఆ అలవాటునే పడవకి తెరచాపలా కట్టుకున్నారు. చేసినవాడు మంచివాడు, అమ్మినవాడు భక్తుడు, దాటించినవాడు కూలివాడు, చూసినవాడు ఉద్యోగి. ఒక్కడంటే ఒక్క చెడ్డవాడు లేడు. చిలకమ్మ మాత్రం చచ్చిపోయింది.

నూకాలు ఇంటికొచ్చి తిత్తి దగ్గర కూర్చోలేదు. పేరయ్య పిలిచాడు. నిప్పు ఆరిపోతోందమ్మా అన్నాడు. ఆరిపోనీ అంది. కోడలు అలా అనడం ఆయనెప్పుడూ వినలేదు. పట్టకారు పక్కన పెట్టి, నేలకేసి చూస్తూ, నెమ్మదిగా అన్నాడు.

"మనం చెయ్యకపోతే ఇంకొకరు చేస్తారమ్మా. ఆ ఇంకొకరికి లేని బాధ మనకెందుకు?"

"మా నాన్న చెయ్యనన్నాడు మామయ్యా" అంది నూకాలు. "ఆ రాజు ముందు మా నాన్ననే అడిగాడట. చెయ్యనంటే తిత్తి కోసేశారు, ఇనుము పెట్టి కొట్టే దాగలిని ఏట్లో పడేశారు. అది చూసి అక్కడి కమ్మర్లెవరూ సుత్తి ముట్టుకోలేదు. అందుకే పడవ మన రేవుకొచ్చింది. మీరన్న ఆ ఇంకొకరు ఎవరో కాదు. మనమే."

పేరయ్య పట్టకారు మళ్ళీ తీసుకోలేదు. మూలన ఈటెల కట్ట ఒకటి తయారై ఉంది. నూకాలు దాన్ని భుజానికెత్తుకుంటే, ఎక్కడికని అడగలేదు.

ఇప్పుడు మీకు మన రాజుగారి బావమరిది సంగతి చెప్పాలి. అన్ని కథల్లోనూ బావమరిది ఉంటాడు, మన ఇంట్లోనూ ఉన్నాడు, పేరెత్తను. ఈ బావమరిదికి సింహాసనమంటే తగని ప్రేమ. రాజుగారు అటు తిరిగితే చాలు, మెత్తని చేత్తో తడిమి చూసేవాడు. ఈ సంగతి రాజుకి తెలుసు, రాణికి తెలుసు, గుర్రాలకి గడ్డి వేసేవాడికి తెలుసు. అందుకే కోటలో ఆయనకి ఇనుప వస్తువు అందనిచ్చేవారు కారు. గోళ్ళు తీయాలన్నా మంగలి వచ్చి, తీసి, కత్తి లెక్క చెప్పి వెళ్ళాల్సిందే. మామిడికాయ కూడా ముక్కలు కోసే పెట్టేవారు.

నూకాలు ఈటెల కట్టతో కోట వాకిట్లోకొస్తే, కొలిమి నుంచి సరుకొచ్చిందనుకుని భటులు దారిచ్చారు. సభ నిండుగా ఉంది. రాజుగారింకా భోంచెయ్యలేదు. నూకాలు రాజుకి దణ్ణం పెట్టింది. తర్వాత తిన్నగా బావమరిది దగ్గరికి నడిచి, ఈటెల కట్ట ఆయన కాళ్ళ ముందు నేల మీద పెట్టి, తాడు విప్పి, రెండడుగులు వెనక్కేసింది.

బావమరిది ఈటెల్ని చూశాడు. సింహాసనాన్ని చూశాడు. వంగి, ఒకటి తీసుకున్నాడు. ఆ పెద్దమనిషి అంత చురుగ్గా వంగడం రాణిగారు కూడా ఎప్పుడూ చూడలేదట.

రాజు సింహాసనం వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. భటులు పరిగెత్తుకొచ్చి ఈటె లాక్కునేదాకా ముందుకి రాలేదు. వచ్చాక గొంతు సవరించుకుని, వాడి చేతికి ఆయుధం ఎవరిచ్చారని అడిగాడు.

"ఎవరూ ఇవ్వలేదు మహారాజా" అంది నూకాలు. "నేల మీద పెట్టాను. ఆయన తీసుకున్నారు."

"తీసుకుని ఏం చేస్తాడో తెలియదా నీకు?"

"తెలుసు. సభలో అందరికీ తెలుసు. తెలిసి నేల మీద పెట్టడం ఇవ్వడం కాదని మీ రేవు అధికారి చెప్పాడు. మీ చట్టమే అన్నాడు."

అని కొంగు ముడి విప్పి, ఆ మొనని రాజు పాదాల దగ్గర పెట్టింది. ఇది మా మేనత్త వీపులోంచి తీశారు, వేపాకు మా ఇంటిది, నిప్పుకి గాలి నాది అని చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే రాజుగారు కూడా ఏడ్చేసి ఊరుకుంటాడని ఆమెకి తెలుసు.

అవతలి ఒడ్డున ఎన్ని వీపులు చిల్లులు పడ్డా రాజుకి రాని భయం, తన వీపు వైపు ఒక్క మొన తిరిగేసరికి వచ్చింది. రాజులంతే. రాజులనే ఏముందిలే, సత్తెమ్మ కూడా తన కత్తిపీట విరిగితే ఊరంతా కేకలేస్తుంది.

అప్పటికప్పుడు కొత్త దండోరా. చేసినవాడిదీ తప్పే, అమ్మినవాడిదీ తప్పే, దాటించినవాడిదీ తప్పే, నేల మీద పెట్టినవాడిదీ తప్పే, చూసి వదిలినవాడిది ఇంకా తప్పు. మొన వేరుగా, కర్ర వేరుగా అమ్మినా ఈటె అమ్మినట్టే. మూడో ఊరి మీదుగా తిప్పి పంపినా పంపినట్టే. ఈ మాట సభలో ఓ మూల నిలబడ్డ కోటిలింగం ముఖం చూశాక చేర్చారు. ఈటె అడిగినవాణ్ణి, ఎవరైనా సరే, దేనికని ముందు అడగాలి. జవాబు వాడి నోట వింటే చాలదు. వాడి రాజ్యం నుంచి సంతకొచ్చే ఆడవాళ్ళని కూడా అడగాలి. వాళ్ళు వద్దంటే వద్దు. తెలియదండీ అంటే, ఎందుకు అడగలేదని చెరసాల.

అంత మాత్రానికి లోకం మారిపోతుందా అని మీ తాతయ్యలాంటి వాళ్ళు అన్నారు. పున్నమి పడవ రేవులోనే ఆగిపోయింది. అందులోని ఈటెలన్నీ కొలిమికి తిరిగొచ్చాయి. పేరయ్య వాటిని కరిగించి అట్లకాడలు చేశాడు. ఆ ఏడాది రాజ్యంలో అట్లకాడ లేని ఇల్లు లేదు. కోటిలింగం చెరసాలలో భజనలు మొదలుపెట్టాడు, పక్క గదివాళ్ళు విడిచిపెట్టేయమని మొరపెట్టుకున్నారు, తమని కాదు, అతన్ని. అవతలి భటుల ఈటెలు వంగిపోయాయి. సరిచేసే కమ్మరి అక్కడ లేడు, ఇక్కడ లేడు. వంగిన ఈటెలతో గాదె ముందు నిలబడలేక పక్కకి తప్పుకున్నారు. గాదె తలుపులు తెరుచుకున్నాయి. అవతలి రాజు మంచివాడైపోలేదు. చేతిలో ఏమీ మిగల్లేదు, అంతే. నూకాలు అన్న బతికాడు. తండ్రి ఏట్లోంచి దాగలి పైకి తీయించుకున్నాడు. పోయిన చిలకమ్మ మాత్రం రాలేదు. ఆ చేట ఇప్పటికీ నూకాలు పుట్టింట్లో గోడకి వేలాడుతోందట.

కాబట్టి భార్గవీ, కత్తి కింద పెట్టు. పెట్టాలి, అలవాటు మంచిదే. కానీ ఎవరి ముందు పెడుతున్నావో చూసి పెట్టు. నేను పెట్టానంతే అని నా దగ్గరికి రావద్దు.

ఏమిటీ, ఇంకా ఉందా అనా? ఉంది, కాస్త.

ఏడాది తిరక్కుండా మన రాజుకే ఈటెలు కావలసొచ్చాయి. ఏటి దిగువన ఉప్పు పండించే పల్లెవాళ్ళు పన్ను కట్టలేమన్నారు. వాళ్ళని దారికి తెద్దామని రాజే గుర్రమెక్కి కొలిమి దగ్గరికొచ్చాడు. పేరయ్య లేచి దణ్ణం పెట్టాడు. జీవితంలో ఎవరినీ కాదనని మనిషి. తల ఎత్తలేదు.

"దేనికి బాబూ?" అని అడిగాడు.

రాజు చెప్పాడు. ఆ వేళ సంత. ఉప్పుపల్లె ఆడవాళ్ళు పక్కనే బుట్టలు పెట్టుకుని కూర్చున్నారు. నూకాలు వెళ్ళి వాళ్ళని అడిగొచ్చింది. వద్దన్నారు. పేరయ్య ఈటెలు చెయ్యలేదు. రాజు ఒక అట్లకాడ కొనుక్కుని కోటకి వెళ్ళిపోయాడు. ఆ ఏడు ఉప్పు మీద పన్ను తీసేశారు.

కథ కంచి దారి పట్టింది. మీరు దుప్పటి కప్పుకోండి.