కర్రు పోయిన ఎద్దు, సూదంటురాయి నక్క

అడివంచున ఉన్న మెట్టపొలం అప్పలస్వామి అనే ఎద్దుది. తాతల నాటి మూడెకరాలు, ఉన్నదల్లా అదే. కిందటేడు తొలివానల్లో దున్నుతుంటే నాగలికున్న ఇనప కర్రు ఊడి బురదలో పడిపోయింది. వెతికి వెతికి గిట్టలు అరిగాయిగానీ దొరకలేదు. కర్రు లేని నాగలితో నేలను గీకొచ్చేమోగానీ దున్నలేం కదా! ఏడాదంతా పొలం బీడుపడింది. అప్పలస్వామి పక్కటెముకలు బయటికొచ్చాయి.

ఇప్పుడు మళ్ళీ మబ్బు పడుతోంది. గాలి ఆడటం లేదు, ఒకటే ఉక్క. చీమలు గుడ్లు మోసుకుంటూ గట్టెక్కుతున్నాయి. అప్పలస్వామి మాత్రం గట్టు ఈ కొస నుంచి ఆ కొసకు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"కాసేపు కూలబడవయ్యా! చూస్తున్న నాకే కళ్ళు తిరుగుతున్నాయి" అంది గోరింక పైడమ్మ. నాగలి వెనక పురుగులేరుకుని బతికే పిట్ట అది. ఎద్దు దున్నకపోతే దానికీ పస్తే.

"ఎలా కూర్చోనే? వాన పడ్డ మూడ్రోజుల్లో దున్నకపోతే పదును ఆరిపోతుంది. ఈ ఏడూ గింజ లేకపోతే నేను బతకను."

అదిగో, సరిగ్గా అప్పుడే దిగాడు నక్క చిట్టిబాబు. తీగ కట్టిన నల్లటి గుండ్రాయి ఒకటి ఈడ్చుకుంటూ వచ్చాడు. రాయి నిండా తుప్పు మేకులు అంటుకుని ఉన్నాయి.

"ఏంట్రా అల్లుడూ అది?"

"సూదంటురాయి మావా! జాతరలో పగిలిన మైకు పెట్టెలోంచి పీకాను. నేల మీద ఈడిస్తే చాలు, జానెడు లోతున ఇనుమున్నా పట్టేస్తుంది. నీ పొలం వెతకనిస్తావా? దొరికింది చెరిసగం. చూడు, అడిగే వచ్చాను. పరాయి పొలంలో చెప్పకుండా అడుగు పెట్టే రకం కాదు నేను."

ఆహా, ఏం మర్యాద! ఈ నక్క అయ్యగారే నిన్న పక్క చేలో చెప్పకుండా తవ్విన గుంటలింకా తడారలేదు.

అప్పలస్వామి గబుక్కున ముందుకొచ్చాడు. "అయితే నా కర్రు దొరుకుతుందా?"

"దొరక్కేం! దొరికితే అదీ పంపకంలోకే."

"అది నాదేరా!"

"నేల మింగింది నేలదే మావా. ఇష్టం లేకపోతే చెప్పు, వెళ్ళిపోతాను. మబ్బే మన కోసం ఆగదు."

అవసరం ఎద్దుది మరి, ఏం చేస్తాడు? తల ఊపాడు. "సరే. కానీ తవ్విన గుంట తవ్వినట్టే పూడ్చాలి, రేపు దున్నేటప్పుడు కాలు విరిగితే నేను ఏమైపోవాలి? దొరికిందల్లా పైడమ్మ కళ్ళెదుట పెట్టాలి. ఆఖర్న రెండు కుప్పలు చేస్తే, పెట్టినవాడు ఏరుకోకూడదు, రెండోవాడే ఏరుకోవాలి. అది మా పెద్దల నాటి పద్ధతి."

"భేష్! కుప్పలు నేను పెడతా, నువ్వు ఏరుకో. నాదీ ఒక్క మాట. పంపకం అయ్యేదాకా దేని మట్టీ దులపకూడదు. పాత ఇనుము మావా, పొడుమైపోతుంది."

వెతుకులాట మొదలైంది. చిట్టిబాబు రాయి ఈడుస్తాడు, తవ్వుతాడు, పైడమ్మ అరిస్తే నసుగుతూ గుంట పూడుస్తాడు. లాడాలు దొరికాయి. గొలుసు దొరికింది. కొడవలి ముక్క, రేకు డబ్బా, మేకులు దొరికాయి. కర్రు మాత్రం లేదు. అప్పలస్వామి నోట గడ్డి దిగటం లేదు. తవ్విన చోటికల్లా పరిగెత్తటం, తొంగి చూడటం, ఉసూరుమని తిరిగి రావటం.

రెండోరోజు మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద రాయి గట్టిగా అంటుకుపోయింది. చిట్టిబాబు గీకి చూశాడు. మూరెడు ఇనుము, కొస మొనదేలి ఉంది. కర్రే!

'అమ్మ నా తండ్రీ! ఇది నా పాలికొస్తే మావ నా కాళ్ళ దగ్గరికే రావాలి. అద్దెకిస్తా. ఏటా సగం పంట నాది. మా ముని మనవలు కూడా కూర్చుని తింటారు!' అనుకున్నాడు. ఎద్దు ఆ కొస నుంచి వచ్చేలోగా దానికి తడి బంకమట్టి దట్టంగా మెత్తేశాడు.

"ఏంటది?" అంది పైడమ్మ, అప్పుడే కొమ్మ మీద వాలి.

"మట్టిగడ్డ. లోపల మేకో గీకో ఉంటుంది. రాసుకో, ఒకటి."

సాయంకాలానికి రెండు కుప్పలు తయారయ్యాయి. ఒకదాంట్లో నాలుగు లాడాలు, గొలుసు, దానికి వేలాడే ఇనప గంట. రెండోదాంట్లో వంకర మేకులు, చిల్లు డబ్బా, కొడవలి ముక్క, ఆ మట్టిగడ్డ.

"కర్రు దొరకలేదారా?" అడిగాడు అప్పలస్వామి.

"నీ అదృష్టం బాగాలేదు మావా, నేనేం చేయను? పోనీలే, ఆ గంట చూడు! మెడలో వేసుకుంటే పెళ్ళికొడుకులా ఉంటావు. లాడాలూ నీకు పనికొస్తాయి. ఆ చెత్త నేను భరిస్తాలే."

అప్పలస్వామి గంట కుప్ప దగ్గరికి నడిచాడు. చిట్టిబాబు తీరిగ్గా కూర్చుని పంజా నాక్కుంటున్నాడు. అప్పుడే ఎక్కడో ఉరిమింది. ఎద్దు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. వెనక గిట్ట మట్టిగడ్డ పక్కన పడింది.

"కాలు! కాలు చూసుకో మావా!" చిట్టిబాబు ఒక్క గెంతు గెంతాడు.

"చెత్తే కదరా?"

"చెత్తే అనుకో... మేకు గుచ్చుకుంటుందని."

నామీద వీడికెప్పట్నుంచి ఇంత ప్రేమ, అనుకున్నాడు అప్పలస్వామి. అనుకుని, తొందరేముందన్నట్టు రెండు కుప్పల మధ్యా చతికిలబడి నెమరేయటం మొదలెట్టాడు. మూతి గంట వైపు తిప్పితే నక్క నిమ్మళంగా ఉన్నాడు. మేకుల వైపు తిప్పితే చాలు, తోక కొట్టుకుంటోంది, చెవి గోక్కుంటున్నాడు, లేస్తున్నాడు, కూర్చుంటున్నాడు.

"మావా, వానొస్తోంది! తొందరగా తేల్చు!"

"రానీరా. వాన కోసమేగా ఇన్నాళ్ళూ చూసింది."

"నీకేం పోయింది? నాకు పనులున్నాయి!"

"ఏం పనులయ్యా? ఒంటి మీద గొంగళి పురుగు పాకినట్టు ఆ గెంతులేంటి?" అంది పైడమ్మ.

అప్పలస్వామి నెమ్మదిగా లేచాడు. గంట కుప్ప వైపు ఒక అడుగు వేశాడు. చిట్టిబాబు ఊపిరి వదిలాడు. ఎద్దు చటుక్కున వెనక్కి తిరిగి మట్టిగడ్డ మీద గిట్ట ఆనించాడు.

"ఇది నాది."

"అయ్యో, అది కాదు మావా! గంట... గంట తీసుకో! లాడాలు..."

"ఏరుకున్నాను. పైడమ్మా, విన్నావా?"

"విన్నాను, చూశాను, సాక్ష్యం కూడా చెబుతాను!"

గిట్టతో ఒక్క తాపు తన్నాడు. మట్టి పెచ్చులూడి కర్రు బయటపడింది. అప్పలస్వామి మోకాళ్ళ మీద కూలబడి మూతితో దాన్ని తడిమి తడిమి చూసుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు.

చిట్టిబాబు ముఖం మాడిపోయింది. "నీకెవరు చెప్పారు? ఈ గోరింక ముండేనా?"

"దానికేం తెలుసు? చెప్పింది నువ్వేరా."

"నేనా! నోరు మెదపలేదే!"

"రెండ్రోజులుగా నా ప్రాణమంతా కర్రు మీదే ఉంది. అందుకే నా కాలు ఒక చోట నిలవలేదు, నోట ముద్ద దిగలేదు. ఇందాక నీ కాలూ అలాగే నిలవలేదు. నా ప్రాణం ఉన్నచోటే నీదీ ఉందని తెలిసిపోయిందిరా అల్లుడూ. కర్రు దొరికిందని నిజం చెప్పి ఉంటే, వెతికిపెట్టినందుకు ఏటా నీకో బస్తా గింజలు నేనే ఇచ్చేవాణ్ణి. ఇప్పుడా గంట పట్టుకుని నడు."

టపటపా చినుకులు పడ్డాయి. చిట్టిబాబు గంటా గొలుసూ నోట కరుచుకుని గణగణమంటూ పొదల్లో పడ్డాడు. అప్పలస్వామి నాగలికి కర్రు బిగించుకున్నాడు. తెల్లారేసరికి మొదటి నాగేటిచాలు తిన్నగా సాగింది, వెనకే పైడమ్మ గెంతుతూ పురుగులేరుకుంది.

దాచినవాడు నోరు కట్టుకోగలడేమోగానీ, దాచిన చోటి నుంచి తన మనసును తిప్పుకోలేడు.