దాహమాత గుడి వాకిట తడి ఇటుక

పలనాటి ఎర్రమెట్ట మీద పూత ఎరగని ఇటుక గోడలతో నిలిచిన పాత చర్చినే దాహమాత గుడి అంటారు. ఇక్కడికి వచ్చే భక్తులు కొవ్వొత్తి మరిచినా ఫరవాలేదు, చెంబుడు నీళ్ళు మాత్రం మరవకూడదు. వాకిటి పక్కన అరిగిపోయిన ఇటుక మీద సగం నీళ్ళు పోసి, మిగతా సగం వెనకున్నవారికి ఇవ్వడం ఇక్కడి ఆచారం.

పూర్వం ఇక్కడ ఏళ్ళ తరబడి వానలు ముఖం చాటేశాయి. గుడి కడుతున్న ఇన్నయ్య మేస్త్రీ జ్వరంతో మంచం పట్టి, "మాత ఇంటిని మొండిగోడలతో వదలకు శౌరీ" అని భార్య దగ్గర మాట తీసుకుని కన్నుమూశాడు. శౌరమ్మ తాపీ పట్టింది. కానీ ఏం లాభం! వాకిలి గోడ లేపిన ప్రతిసారీ కూలిపోయింది.

ఊరిపెద్ద రాయప్ప విసిగిపోయాడు. "ఇక చాలమ్మా. ఈస్టరుకు గోడ నిలవకపోతే ఇటుకలు ఊరంతా పంచుకుంటాం" అన్నాడు.

ఆ మధ్యాహ్నం గోడ నీడన కునుకు పడితే, కలలో మరియమాత ఖాళీ చెంబుతో నిలబడి, "నా ఇంటికి దాహమేస్తోందమ్మా" అంది. శౌరమ్మ ఉలిక్కిపడి లేచింది. కరువు వచ్చాక ఇటుకలను నానబెట్టడమే మానేశారు. పొడి ఇటుక సున్నంలోని తడినంతా పీల్చేస్తే గోడ ఎలా నిలుస్తుంది?

ఆనాటి నుంచి తన వంతు తాగునీళ్ళలో సగం ఇటుకలకే పోసింది.

"గొంతులెండుతుంటే ఇటుకలకు నీళ్ళా? నీకేమైనా పిచ్చా?" అని రాయప్ప కసిరాడు.

"నా వంతు నీళ్ళు, నా ఇష్టం పెద్దయ్యా. మీ చుక్క ముట్టుకోను" అంది. పెదాలు పగిలినా చెయ్యి ఆపలేదు. చూడలేక అమ్మలక్కలు ఒక్కొక్కరే చెంబులు తెచ్చారు. గోడ లేచింది.

ఈస్టరు ముందురోజు వాకిటి పక్కన ఒక్క ఇటుక మిగిలింది. అక్కడున్నవారి చెంబులన్నీ ఖాళీ అయ్యాయి. పొడిగానే పెట్టెయ్యమన్నారు. శౌరమ్మ ససేమిరా అంది. "ఆఖరి ఇటుక దగ్గర ఆయనకిచ్చిన మాట తప్పమంటారా?" అని భోరున ఏడ్చింది.

రాయప్ప ఇంటికి వెళ్ళి తన చెంబు తెచ్చాడు. ఇటుక మీద సగం పోశాడు. మిగతా సగం ఆమెకు అందించి, "ముందు నువ్వు తాగు తల్లీ" అన్నాడు.

ఆ గోడ ఎన్ని గాలివానలు వచ్చినా చెక్కుచెదరలేదు. మధ్యలో ఆగిన పని, ఇక్కడ మొక్కుకుంటే పూర్తవుతుందని భక్తుల నమ్మకం. నేటికీ ఈ వాకిట ఎవరూ తమ చెంబు నీళ్ళు తాము తాగరు. వెనకున్నది ఎవరైనా సరే, చెంబు అందించి "ముందు నువ్వు తాగు" అంటారు.