ఆఖరి గంప

దేముడమ్మ, ముప్పై ఆరేళ్ళ మనిషి, అన్నం నిలబడి తినేది.

ఎప్పటి మనిషి అంటారా? సముద్రం ఇంకా ఇంత దగ్గరికి రాని రోజుల మనిషి. మా అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో సముద్రానికే తెలియాలి.

దేముడమ్మది సముద్రం ఒడ్డున జాలరి పాలెం. అక్కడ మగవాళ్ళు చేపలు పట్టేవాళ్ళు. ఆడవాళ్ళు వాటిని గంపలకెత్తుకుని సంతకి పరిగెత్తేవాళ్ళు. ఇసుక దాటి, చవుడు దాటి, గుట్ట దాటితే సంత. ఎండ ముదిరేలోగా చేరితే చేప కూరకి పోతుంది. ఎండ ముదిరాక చేరితే కొబ్బరితోటకి ఎరువుగా పోతుంది. దేముడమ్మ ప్రతి సంతకీ అందరికన్నా ముందు చేరేది. దేముడమ్మ గంపలో చేప ఇంకా ఊపిరి తీసుకుంటోందని సంతలో జనం చెప్పుకునేవాళ్ళు.

మిగతా ఆడవాళ్ళ చేప మాత్రం తరచూ ఎరువుకే పోయేది.

ఒకనాడు కులపెద్ద ఓలేసు అందరినీ పిలిచాడు. పడవ దగ్గర్నించి కల్లుపాక దాకా నడిస్తే మధ్యలో రెండుసార్లు కూర్చునే మనిషి ఆయన.

"ఆడోళ్ళ కాళ్ళనొగ్గేసి గంపలు బండెక్కిద్దాం. మా బావమరిదికి బండుంది" అన్నాడు.

"మరి మేమేటి సెయ్యాల, మావా?" అంది దేముడమ్మ.

"ఇంటికాడ కూకుని ఉప్పుసేప ఎండబెట్టండి."

గంప బండెక్కితే సంత మగవాళ్ళదైపోతుంది. బేరమాడే నోరు, కొంగున మూట, దారి పొడుగునా నవ్వు, అన్నీ బండెక్కిపోతాయి. ఆడవాళ్ళకి ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"నా గంప మీ బండికన్నా ముందే దిగుతాది. పందెం" అంది దేముడమ్మ.

ఓలేసు నవ్వాడు. "నీదొక్కటీ దిగితే ఏటి లాభం? పెద్దసంత రోజున మీ ఆఖరి గంప మా బండికన్నా ముందు దిగాల. దిగితే సంత మీది."

పెద్దసంతకి ముందు మూడు సంతలున్నాయి.

మొదటి సంతకి దేముడమ్మ "నా ఎనకాలే రండి" అని పరుగు తీసింది. ఇసుక దాటింది, చవుడు దాటింది, గుట్ట దాటింది. వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరూ లేరు.

రెండో సంతకి "సచ్చినా సరే నా ఎనకాలే రండి" అని తిట్టిపోసి మరీ పరుగు తీసింది. ఇసుక దాటింది, చవుడు దాటింది, గుట్ట దాటింది. వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరూ లేరు. వాళ్ళని వెతుక్కుంటూ వెనక్కొస్తే, అందరికన్నా నెమ్మదైన అసిరి చవుడు మధ్యలో కూర్చుని వాంతి చేసుకుంటోంది.

దేముడమ్మ పక్కన కూర్చుంది. తిట్టడానికి నోరు తెరిచి, ఆ మొహం చూసి మూసుకుంది.

"ఏటయిందే, పిల్లా?"

"నీ యీపు సిన్నదైపోతంటే నా కాళ్ళు సచ్చిపోతన్నాయి, అప్పా. బిడ్డ పుట్టి నాలుగు నెల్లే గదా. ఈ నడుం ఇంకా నాది కాలేదు."

తన వీపు ఎలా ఉంటుందో దేముడమ్మ ఎన్నడూ ఆలోచించలేదు.

మూడో సంతకి ఆమె అందరికన్నా వెనక, అసిరి భుజం పక్కన పరిగెత్తింది. ఊరికే పరిగెత్తలేదు, కబుర్లు పెట్టింది. అసిరి జవాబు చెప్పినంతసేపూ అడుగు సాగనిచ్చింది, మాట ఆగితే అడుగు తగ్గించింది. "మాటాడగలిగితే పరిగెట్టగలవు. మాట ఆగిందంటే నీ ఊపిరి నిన్నొగ్గేసి ముందెళ్ళిపోయినట్టు" అంది. ముందున్న వాళ్ళకీ అదే చెప్పింది. దారంతా కాకుల గోల. ఆడవాళ్ళ నోరు మూయిస్తే పని సాగుతుందని నమ్మేవాళ్ళు ఆ రోజు ఆ గుట్ట మీద ఉండాల్సింది.

సంతలో జనం నవ్వారు. "ఏటే, దేముడమ్మా, ముసిల్దానివైపోయావేటి?"

ఆమె మొహం కందిపోయింది. మాట మాత్రం పడనివ్వలేదు. "ఆఖరి పిల్ల కూడా వచ్చిందా లేదా, అది సూడండి" అంది.

పెద్దసంత వచ్చింది. బండి చుట్టుదారిన, ఆడవాళ్ళు అడ్డదారిన బయల్దేరారు. ఇసుక మీద కబుర్లు, చవుడు మీద కబుర్లు. గుట్ట సగం ఎక్కేసరికి అవతలి మలుపులో ఎద్దుల గంటలు వినబడ్డాయి. అంతే, అసిరి మాట ఆగిపోయింది.

"అడుగు తగ్గించు" అంది దేముడమ్మ.

"బండొచ్చేత్తంది, అప్పా! నన్నొగ్గేసి నువ్వెల్లిపో!"

"నాను ముందెల్లి ఎవుల్ని గెలవాలే? అడుగు తగ్గించు." ముందున్న వాళ్ళకీ కేకేసింది. "అందరూ నడవండి!"

గంటలు దగ్గరవుతుంటే గుట్ట నెత్తిదాకా నడిచారు. అంతకన్నా కష్టమైన పని వాళ్ళెవరూ అంతకుముందు చెయ్యలేదు.

"నీ బిడ్డ నవ్వుతాదేటే?"

"నవ్వు... నవ్వుతాది."

"ఎలాగ?"

"పళ్ళు లేవు గదా, అప్పా. మన ఓలేసు మావలాగే."

ముందున్న వాళ్ళు విన్నారు. వరసంతా నవ్వింది. నవ్వుకి ఊపిరి చాలిందంటే పరుక్కీ చాలుతుంది. "ఇప్పుడు!" అంది దేముడమ్మ. గుట్ట దిగువకి నీళ్ళు జారినట్టు జారారు.

ఒక్కో గంపా దిగింది. అసిరి గంప దిగింది. అన్నిటికన్నా ఆఖరిది దేముడమ్మ గంప. అది నేలకి ఆనేసరికి ఎద్దులు ఇంకా సంత మొదట్లోనే నీళ్ళతొట్టి దగ్గర మూతులు చాపుతున్నాయి; బండి మీది గంప ఒక్కటీ దిగలేదు.

ఓలేసు గొంతు సవరించుకున్నాడు. కులపెద్దలు ఓడిపోయినప్పుడు చేసేది అదే.

సంత ఆడవాళ్ళదే అయింది. దేముడమ్మ పోయి ఎన్ని తరాలైందో లెక్క లేదు. ఇప్పటికీ ఆ తీరంలో ఆడపిల్లలు పందెం పరిగెత్తితే ఎవరు గెలిచారని ముందు అడగరు. "ఆఖరి పిల్ల వచ్చిందా?" అని అడుగుతారు. ఆ పిల్ల వచ్చేదాకా ఎవరూ ఇంటికి కదలరు.

పెద్దసంత గడిచిన ఏడాదికి దేముడమ్మ గంపని ఇంక ఎత్తకుండా దించేసింది. పాలెం పాలెం తిరిగి ఆడవాళ్ళకి పరుగు నేర్పింది, చచ్చిపోయేదాకా. ఏ పాలేనికీ ఎవరి అనుమతీ అడిగి వెళ్ళలేదు.