నక్క చెప్పిన సాక్ష్యం

చర్చి వెనక పాస్టరుగారి దొడ్డి ఉంది. ఆ దొడ్డిలో యోబు అనే ముసలి ఎద్దు, సువార్తమ్మ అనే మేక, నోరు ఊరుకోని గిద్యోను గాడిద, కొత్తగా పిల్లల్ని లేపిన రాహేలు కోడి కాపురం. ప్రార్థన మనుషులకే అనుకుంటాం గానీ, వాటికీ ఒక కూటం ఉండేది, ఎంత చిత్రమో! క్రిస్మస్ నెలంతా దీపాలు పెట్టే వేళకి అన్నీ యోబు గడ్డితొట్టి చుట్టూ చేరేవి. ప్రభువు పుట్టింది తమలాంటివాళ్ల పాకలోనే కదా అని వాటికి భలే గొప్ప. కూటం అయ్యాక యోబు, దొడ్డికి ఆ మూలనున్న కోళ్లపాక దాకా వచ్చి, రాహేలునీ పిల్లల్నీ లోపలికి పంపి, కొమ్ముతో తలుపు నెట్టి వెళ్లేవాడు.

పండగ వెళ్లిపోయింది. చర్చి మీద కట్టిన నక్షత్రం దించేశారు, కూటం మాత్రం ఆగలేదు. ఆ మర్నాడే కంచె అవతల నక్క తేలింది.

"వందనాలు రాహేలక్కా! పసిబిడ్డలతో ఈ చలిలో ఇంకా కూటానికి పోతున్నావా?"

"పోకపోతే యోబు మావయ్య ఏమనుకుంటాడో!"

"పెళ్లయ్యాక పందిట్లో పనేంటమ్మా? పాటలయ్యాయి, కేకులయ్యాయి. మళ్లీ డిసెంబరు రాదా ఏంటి? హాయిగా పడుకో."

రాహేలు అసలే అలిసిపోయి ఉంది. ఆ సాయంత్రం పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని పాకలోనే ఉండిపోయింది. తలుపు మూసేవాళ్లు లేరు. తొట్టి దగ్గర పాట మొదలయ్యేదాకా ఆగి, నక్క కంచె సందులోంచి దూరి లోపలికొచ్చి కూర్చుంది.

"అబ్బ, బిడ్డలు ఎంత లేతగా ఉన్నారక్కా!"

రాహేలు పిల్లల్ని రెక్కల కిందకి ఇంకా లోపలికి లాక్కుంది.

అక్కడ తొట్టి దగ్గర సువార్తమ్మ పాట ఆపింది. "రాహేలు రాలేదేం?"

"పండగతోపాటు దాని భక్తీ అయిపోయుంటుంది," అన్నాడు గిద్యోను. "ఏరు దాటాక తెప్ప తగలేసే రకం."

"తిట్టకురా. రానివాళ్ల ఇంటికి మనమే వెళ్లి కూటం పెట్టుకోవాలి. పాస్టరుగారు చేసేది అదే కదా? పదండి," అన్నాడు యోబు.

పాట దగ్గరికొస్తోంది! నక్క లేచి ద్వారం వైపు చూసేసరికి అక్కడ యోబు నిండుగా నిలబడి ఉన్నాడు. ముందు ఎద్దు, వెనక గోడ.

"మావయ్యా, మనింటికి... చుట్టం వచ్చాడు," అంది రాహేలు.

యోబుకి సంగతి అర్థమైంది. "సంతోషం. కొత్తగా వచ్చినవాళ్లు తమ బతుకు ఎలా మారిందో సాక్ష్యం చెప్పాలి. చెప్పు నాయనా."

నక్క గుటకలు మింగింది. "నేను... చెడ్డ నక్కని. ఇప్పుడు మారిపోయాను. ఈ బిడ్డల్ని చూస్తే కడుపు... కాదు, మనసు నిండిపోతోంది."

"మూతి వెంట ఆ కారేదేంటి తమ్ముడూ?" అంది సువార్తమ్మ.

"కన్నీళ్లే అక్కా. దారి తప్పి ఇటొచ్చాయి."

"అయ్యో పాపం, ఎంత మారుమనసో!" అన్నాడు యోబు. "గిద్యోనూ, ఇలా రా. తలమీద చెయ్యి వేసి ప్రార్థిద్దాం."

"చెయ్యి నాకెక్కడుందన్నా? డెక్కే ఉంది."

"అదే వెయ్యి. కాస్త గట్టిగా వెయ్యి."

డెక్క పైకి లేచిందో లేదో, నక్క యోబు పొట్ట కిందనుంచి దూరి బయటపడింది. గిద్యోను వెనక్కి తిరిగి విడిచిన తన్నుకి కంచె దాటి ముళ్లపొదలో పడింది.

"ఆమెన్ అనకుండానే పోయాడే!" అన్నాడు గిద్యోను.

రాహేలు పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ ముక్కుతో తడిమింది. అన్నీ ఉన్నాయి.

"తప్పయింది మావయ్యా. రేపు వర్షమొచ్చినా వస్తాను."

"రాలేకపోతే మేమే వస్తాంలే అమ్మా. పడుకో," అని యోబు కొమ్ముతో తలుపు మూశాడు.

పండగ ఏడాదికొక్కసారే వస్తుంది, నక్క ఏ రోజైనా వస్తుంది. అందుకే ప్రార్థన రోజూ ఉండాలి.