చొక్కా మీద నూనె చెయ్యి

ఆటోనగర్లో లారీలకి బ్రేకు డ్రమ్ములు చేసే షెడ్డులో, పగుళ్ళు కనిపెట్టడానికి వీరాంజి పెట్టిన కెమెరాకి ఒక జబ్బు పట్టుకుంది. ఖాజా మేస్త్రి బాగుందన్న ప్రతి డ్రమ్మునీ అది పగిలిందని కుయ్యిమంటోంది.

వీరాంజి వీడియోలు చూసి కంప్యూటరు నేర్చుకున్నవాడు. అంటే, తనకేం తెలియదో కూడా తెలియనంత బాగా నేర్చుకున్నాడు. షెడ్డులో పగిలిన డ్రమ్ములు ఏడాదికి పదో పన్నెండో దొరుకుతాయి. వాటితో కెమెరాకి పాఠం చెప్పేదెప్పుడు? అందుకని కంప్యూటరు చేతే నలభై వేల డ్రమ్ముల బొమ్మలు పుట్టించాడు. సగం పగిలినవి, సగం మంచివి. మంచివి పెళ్ళికొడుకుల్లా తళతళలాడేవి.

శనివారం వచ్చి చూస్తానన్నాడు ఓనరు. ఆ రోజూ ఇలాగే కూస్తే కెమెరాతోపాటు వీరాంజీ ఇంటికే.

"ఇంకో లక్ష పగుళ్ళు గీయించమంటారా మేస్త్రిగారూ?" అంటూ లాప్‌టాప్ తెరిచాడు, కాస్త గర్వంగానే.

ఖాజా మేస్త్రిది ముప్పై ఏళ్ళ చూపు. డ్రమ్ము బాగుంటే అంచు మీద సుద్దముక్కతో గీత గీస్తాడు. అనుమానమొస్తేనే సుత్తితో కొట్టి వింటాడు. బొమ్మలన్నీ ఓపిగ్గా చూశాడు.

"పగుళ్ళు బాగానే గీశావు. మంచివేవీ?"

చూపించాడు.

"ఇవెక్కడి డ్రమ్ములయ్యా?"

"మన డ్రమ్ములే కదండీ!"

మేస్త్రి లేచి, జిడ్డోడుతున్న చేత్తో వీరాంజి కొత్త తెల్లచొక్కా భుజమ్మీద ఆప్యాయంగా ఒక్కటి చరిచాడు. అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి.

"అయ్యో మేస్త్రిగారూ, చొక్కా పోయింది!"

"చిరిగిందా?"

"లేదు... మరకైంది."

"మరి పోయిందంటావేం?" అని మేస్త్రి తన పనిలో పడ్డాడు.

వీరాంజి మెడ నొప్పెట్టేదాకా భుజం చూసుకున్నాడు. తర్వాత ఎదురుగా ఉన్న డ్రమ్ముల్ని చూశాడు. ఒక్కటీ శుభ్రంగా లేదు. నూనె, వేలిముద్రలు, వాటి పైన మేస్త్రి సుద్దగీత.

శనివారానికి మిగిలిన మూడు రోజులూ అతను ఒక్క పగులూ గీయలేదు. మంచి డ్రమ్ముల బొమ్మలకి నూనె పూస్తూ, సుద్ద గీస్తూ కూర్చున్నాడు.

శనివారం అదే చొక్కా వేసుకొచ్చాడు.

"ఉతకలేదా?" అన్నాడు మేస్త్రి.

"దీన్ని చూసే కదండీ గీసింది."

డ్రమ్ములు కెమెరా కింద కదిలాయి. నూనెవి వెళ్ళాయి, సుద్దవి వెళ్ళాయి. కెమెరా నోరు మెదపలేదు. నలభయ్యోదాన్ని చూసి కుయ్యిమంది.

ఓనరు నవ్వాడు. "మేస్త్రి గీత పెట్టిందేగా ఇది!"



మేస్త్రి సుత్తి తీసి కొట్టాడు. ఖంగుమనాల్సింది దబ్బుమంది.

తన సుద్దగీతని తనే బొటనవేలితో చెరిపేశాడు. ఆ వేలిని ఈసారి తన చొక్కాకే తుడుచుకున్నాడు.