గడప దాటిన ఫోటో

సుధీంద్ర గురువు దగ్గరకు వచ్చింది న్యాయం అడగడానికి. న్యాయం తన పక్కనే ఉందని అతనికి ముందే తెలుసు. ఆ మాట గురువు నోట విని పోదామని వచ్చాడు, అంతే.

ఆదోనిలో పాత బజారు వెనక సందులో ఉంది దస్తగిరి మాస్టారి స్టూడియో. ముందు ఒక గది, వెనక ఒక గది, మధ్య నల్లగుడ్డ తెర. వాకిట్లో వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక చెక్కబల్ల. మాస్టారు ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలు తప్ప ఏవీ తీయడు. పొద్దుగూకితే దర్గా దగ్గరకు పోయి, అక్కడ ఎవరితోనూ మాట్లాడకుండా కాసేపు కూర్చుని వస్తాడు. ఆయన చేతికింద పని నేర్చుకుని బాగుపడ్డవాళ్ళు ఆ జిల్లాలో చాలామందే ఉన్నారు. అందరికంటే పైకి వచ్చింది సుధీంద్ర.

డాక్టర్లు, ప్లాట్లు అమ్మేవాళ్ళు, కోచింగ్ సెంటర్ల వాళ్ళు అతని స్టూడియోకు వరస కట్టేవారు. చేతులు కట్టుకుని నిలబడ్డ వాళ్ళ ఫోటోలు బజారు నిండా బోర్డులెక్కాయి. వచ్చిన ప్రతి ఒక్కరికీ సుధీంద్ర ఒకే మాట చెప్పేవాడు. "మీకంటే ముందు మీ ఫోటో గడప దాటాలి సార్. ఆ తరవాత మీరు దాటడం సులభం." మాట బాగుండేది. నిజం కూడా అయ్యేది. ఫోటో పడ్డాక వాళ్ళ వ్యాపారాలు పెరిగేవి.

మాస్టారు అతన్ని కూర్చోబెట్టి గ్లాసుతో నీళ్ళిచ్చాడు. అది ఆ స్టూడియో ఆచారం. ఫోటోకు ఎవరొచ్చినా ముందు నీళ్ళివ్వాలి. తాగుతున్నంతసేపూ కెమెరా ముట్టకుండా ఆ ముఖాన్ని చూడాలి. నీళ్ళు తాగేటప్పుడు మనిషి ముఖం దాచుకోలేడంటాడు మాస్టారు. సుధీంద్రకు మొదట నేర్పింది అదే. కెమెరా చేతికిచ్చింది చాలా తరవాత.

"వద్దు మాస్టారూ, బాటిలుంది" అన్నాడు సుధీంద్ర.

"ఏం రా, ముఖం అట్లుంది?"

"ఒక కేసుంది."

"ఫోటోలు తీసుకునేవానికి కేసులేందిరా? ప్లీడరువు ఎప్పుడైతివి?"

సుధీంద్ర నవ్వలేదు. "బసమ్మ అని ఒకావిడ. ఇంట్లో పూర్ణం పెట్టి ఓళిగలు చేసి అమ్ముతుంది. చెయ్యి మంచిదని అందరూ అంటారు."

"నువ్వు తిన్నావా?"

"నాకెందుకు మాస్టారూ? నా పని ఫోటో తీయడం. తీశాను. ఎట్లా వచ్చిందంటే, నేనే నా స్టూడియో ముందు పెద్దది చేసి పెట్టుకున్నాను. ఆవిడ ప్యాకెట్ల మీద వేశాం, ఫోన్లలో తిప్పాం. ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు. ఇప్పుడు తీసెయ్యమంటుంది! వ్యాపారం పడిపోయిందంటుంది. ఫోన్లు రాలేదా అంటే, వచ్చాయంటుంది. ఆర్డర్లు రాలేదా అంటే, అవీ వచ్చాయంటుంది. మరి నీకు పోయిందేమిటమ్మా అంటే ఏడుస్తుంది."

"ఎందుకు పడిపోయిందో అడిగినావా?"

"నన్ను చూసినాక వద్దంటాండారు సార్, అంటుంది. ఓళిగలు బాగా లేకపోతే ఎవరైనా వద్దంటారు. అది వంట తప్పు. ఫోటో తప్పా?"

మాస్టారు గ్లాసు పక్కన పెట్టాడు. "ఏమన్నా దిద్దినావా దాంట్లో?"

సుధీంద్ర ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. "ఒక్క గీత దిద్దలేదు. మీ మాట ఇప్పటికీ తప్పలేదు నేను. వచ్చిపోయే మొటిమ తీయచ్చు, ఉండిపోయే మచ్చ తీయకూడదు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకూ అదే చెబుతాను. ఈ ఫోటోలో మొటిమ తీసే అవసరం కూడా రాలేదు. ముఖం అంత శుభ్రంగా ఉంది."

చెప్పక దాచిన సంగతి ఇంకొకటుంది. కర్నూలులో ఒక పెద్ద ఆసుపత్రి యజమాని స్టూడియో ముందున్న ఆ బోర్డు చూసి, తమ డాక్టర్లందరి ఫోటోలూ ఇతని చేతే తీయించాలనుకుంటున్నాడు. రేపు స్టూడియోకు వస్తున్నాడు. రేపటికి ఆ ఫోటో అక్కడ ఉండాలి.

"తెచ్చినావా?"

సుధీంద్ర సంచిలోంచి ఫ్రేము తీశాడు. ఎర్రచీరలో బసమ్మ, చేతిలో అట్లకాడ, ఎడమ పక్క నుంచి సాయంకాలపు ఎండ లాంటి వెలుగు. ఇప్పుడే పొయ్యి దగ్గర నుంచి తలెత్తి, తెలిసినవాళ్ళను చూసి నవ్వినట్టు నవ్వు.

మాస్టారు అద్దాన్ని తుండుగుడ్డతో తుడిచి చాలాసేపు చూశాడు. "బాగుంది" అన్నాడు. సుధీంద్రకు గుండె నిండింది. ఆయన నోట ఆ మాట ఎన్నాళ్ళకు!

"ఆమె ఈ పొద్దు ఇక్కడికి వస్తానంది. వచ్చే ఉంటుంది. పిలుచుకొని రా" అన్నాడు మాస్టారు.

"మీ దగ్గరికొచ్చిందా?"

"నిన్న వచ్చింది. నువ్వు ఫోను ఎత్తడం మానేసినావంట కదా. నీకు పని నేర్పింది నేనని ఎవరో చెప్పినారంట. పో, ఫోటో తీసుకొని పో. బజార్లో జనం ఉంటారు, వెతుక్కోవాల."

సుధీంద్ర ఫ్రేము పట్టుకుని బయటికి వచ్చాడు. చెక్కబల్ల మీద ఒక ముసలాయన కునికిపాట్లు పడుతున్నాడు. ఆయనకు దూరంగా, బల్ల చివర, ఒక ఆడమనిషి స్టీలు క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పెదాల చుట్టూ, కళ్ళ చుట్టూ, చేతుల మీద తెల్లటి బొల్లి మచ్చలు. సుధీంద్ర చూపు ఆమె మీద పడి, పడిన వెంటనే జారిపోయింది. అట్లాంటివాళ్ళను తేరిపార చూడకపోవడమే మర్యాద అనుకునేవాడు అతను.

సందు చివరి దాకా పోయాడు. టీ కొట్టు దగ్గర చూశాడు. ఆటోలు ఆగేచోట చూశాడు. ఎర్రచీర కనిపిస్తే దగ్గరకు పోయి ముఖం చూశాడు. ఆ నవ్వు ఎక్కడా లేదు. విసుక్కుంటూ వెనక్కి వచ్చాడు. బల్ల చివరి మనిషి అతను పోవడమూ రావడమూ చూస్తూనే ఉంది.

"అమ్మా, ఈమె ఇటువైపు ఏమైనా వచ్చిందా?" ఫ్రేము ఆమె వైపు తిప్పాడు.

ఆమె ఫోటో కేసి కాసేపు చూసింది.

"ఈమె కోసమే అందరూ వస్తాండారు సార్" అంది. "నాకు గూడా ఇంతవరకు కనపడలా."

ముఖం తెలియలేదు గాని గొంతు తెలిసింది. ఫోన్లో ఏడ్చిన గొంతు.

లోపలికి వచ్చాక మాస్టారు బసమ్మకు నీళ్ళిచ్చాడు. ఆమె గ్లాసు పెదాలకు తగలనివ్వకుండా, తలెత్తి, ఒక్క చుక్క కింద పడకుండా పోసుకుంది. బాగా అలవాటైన పని.

"చూడు" అన్నాడు మాస్టారు సుధీంద్రతో. సుధీంద్ర చూశాడు. మొదటిసారి చూశాడు. అతని స్టూడియోకు వచ్చినవాళ్ళు ముందు పావని గదిలోకి పోతారు. పావని మేకప్ చేసి, చీర సర్ది, సిద్ధమైన మనిషిని దీపాల కిందికి పంపిస్తుంది. సుధీంద్ర చూసేది ఆ మనిషినే. కంప్యూటర్లో దిద్దేదేమీ ఎందుకు మిగల్లేదో అతనికి ఇప్పుడు అర్థమైంది.

"మీరు నాకు ఆ రోజే చెప్పి ఉండాల్సింది" అన్నాడు. గొంతులో ఇంకా కొంచెం కోపం ఉంది.

"మీరు నన్ను చూసినారనుకొంటి సార్" అంది బసమ్మ.

ఆమే మళ్ళీ అంది. "ఆ పాప ఏందేందో పూసి అద్దం ముందర నిలబెట్టింది. బొల్లి రాకముందు నేను అట్లే ఉంటి. ఆ పొద్దు సంతోషపడినా సార్. అబద్ధం ఎందుకు చెప్పల్ల?"

"తరవాత ఏమైందో వానికి చెప్పు తల్లీ" అన్నాడు మాస్టారు.

"ఏముంది సాబ్? మిల్లు యజమానింట్లో నిశ్చితార్థమని ఆర్డరొచ్చె. నేనూ మా అక్కా పొయ్యి ముందర నిలబడి చేస్తిమి. ఆటోలో గంపలేసుకొని పోతి. ఆ ఇంటామె వాకిట్లోకి వచ్చి, ఫోటోలో ఉండే ఆమె యాడ, నువ్వెవరు అనె. నేనేనమ్మా అంటి. ఫోటో చూసె, నన్ను చూసె. లోపలికి పోయి ఇంకో ఇద్దర్ని పిలుచుకొనొచ్చె. వాళ్ళూ చూసిరి. ఇది అంటుకొనేది కాదమ్మా, డాక్టరు చెప్పినాడు అంటి. గంపలు దించనీలా."

"అట్లాంటి మూర్ఖులు ఎక్కడైనా ఉంటారమ్మా" అన్నాడు సుధీంద్ర. "మీ వీధిలో వాళ్ళు కొనేవాళ్ళు కదా ముందు నుంచీ? వాళ్ళకు తెలుసు కదా?"

"తెలుసు సార్. తెలిసే తింటాండిరి. పిలిచి వాళ్ళ వంటింట్లో గూడా చేయించుకుంటాండిరి. ఇప్పుడు వాళ్ళూ రావడంలా. ఇది ముఖం దాచిపెట్టి అమ్ముతాంది, ఇంకేమేం దాచిందో అంటాండారు." ఆమె క్యారియరు పిడిని సవరించుకుంది. "నేను ఇన్నేండ్లు ఎండలో, బజార్లో, ఈ ముఖం పెట్టుకొనే తిరిగినా. ఒక్కరోజు కొంగు కప్పుకోలా. ఇప్పుడు దాచేదాన్ని అయిపోయినా."

సుధీంద్ర పనిమంతుడు. ఎక్కడ చిక్కుపడితే అక్కడ ఉపాయం వెతకడం అతని పని. ఫ్రేము బల్ల మీద పెట్టి లేచాడు.

"అయితే ఒక పని చేద్దాం. ఇంకో ఫోటో తీస్తాను, డబ్బు వద్దు. మేకప్ లేకుండా, ఉన్నది ఉన్నట్టు. ఇప్పుడు జనం దీన్నే ఇష్టపడతారు మాస్టారూ. నిజాయితీ. మచ్చలున్నా ధైర్యంగా నిలబడ్డ మనిషి. మీరు ఒప్పుకుంటే బసమ్మగారూ, ఇది ముందు దానికంటే పెద్ద పేరు తెస్తుంది మీకు. బోర్డు మీద పాతది తీసేసి ఇది పెడదాం. చూసినవాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి."

అంటూ ఉండగానే అతనికి ఆ ఫోటో కనిపించింది కూడా. వెలుగు ఎటు నుంచి రావాలో కనిపించింది. ఆసుపత్రి యజమాని దాని ముందు ఆగిపోవడం కనిపించింది.

బసమ్మ మాస్టారి వైపు చూసింది. మాస్టారు కిటికీ వైపు చూస్తున్నాడు.

"నా ఫోటో ముందు గడప దాటాలని చెప్పింటిరి సార్ మీరు" అంది ఆమె. "అది దాటింది. లోపలికి పోయి కూచ్చుంది. నేనే గడప బయట నిలబడినా. ఇప్పుడు ఇంకొక ఫోటోను పంపిస్తామంటారు. నేనెప్పుడు పోవల్ల సార్ లోపలికి?"

సుధీంద్ర నోరు తెరిచాడు. మాస్టారు చెయ్యెత్తి ఆపాడు.

"ఆ క్యారియర్‌లో ఏముంది తల్లీ?"

"ఓళిగలు సాబ్. మీకని తెచ్చినా. తింటారో తినరో, అడిగి ఇద్దామని ఒళ్ళో పెట్టుకొనుంటి."

"ముందు వానికి పెట్టు. పాపం, ఇంతవరకూ తినలేదంట."

బసమ్మ క్యారియరు మూత తీసింది. నెయ్యి వాసన, యాలకుల వాసన గదంతా నిండింది. ఆమె ఓళిగను నాలుగు మడతలు వేసి, రెండు వేళ్ళతో పట్టుకుని సుధీంద్ర వైపు చాచింది. ఆ వేళ్ళు కణుపుల దాకా తెల్లగా ఉన్నాయి.

సుధీంద్ర చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి మధ్యలో ఆగింది.

ఎక్కువసేపు కాదు. కొత్తవాడెవడైనా అయితే గమనించి ఉండేవాడు కాదు. వెంటనే కదిలింది కూడా. కానీ అప్పటికే బసమ్మ చెయ్యి వెనక్కి పోయింది. అట్లా ఆగే చేతులు ఆమెకు బాగా తెలుసు. నొచ్చుకోలేదు, చూడనట్టు నటించనూ లేదు. బల్ల మీద విస్తరాకు ముక్క ఒకటి పరిచి, ఓళిగ దాని మీద పెట్టి, అతను తీసుకోవడానికి వీలుగా రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

ఓళిగ పక్కనే ఫ్రేములో బసమ్మ నవ్వుతోంది.

సుధీంద్ర గబగబా దాన్ని తీసుకుని కొరికాడు. "చాలా బాగుందమ్మా" అన్నాడు. నిజంగానే బాగుంది. "చాలా బాగుంది" అని మళ్ళీ అన్నాడు. నీళ్ళ బాటిల్ కోసం చూశాడు గాని, మాస్టారి కళ్ళ ముందు తాగడానికి చెయ్యి పోలేదు.

మాస్టారు తన అరచెయ్యి చాపాడు. బసమ్మ ఆయన చేతిలో పెట్టింది. ఆయన తింటూ అన్నాడు, పాఠం చెప్పినప్పుడు మాట్లాడే గొంతుతోనే, మెల్లగా.

"నీ చెయ్యి ఆగిందే సుధీంద్రా, అంతసేపు చాలురా నీ ఫోటో పడడానికి."

బసమ్మ క్యారియరు మూత పెట్టుకుంది.