మూడు వాగులకు ఒకే గుక్క

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక కొండ. కొండ మీంచి మూడు చిన్న వాగులు దిగి, కింద ఒకే ఏరుగా కలిసేవి. వాగు ఏ మట్టి మీద పారితే దాని నీళ్లకు ఆ రుచి వస్తుంది కదా! అందుకే అక్కడ ఒక ఆనవాయితీ ఉండేది. తొలకరి పడగానే నీరుకుక్క నున్నయ్య కొండెక్కి, ఒక్కో వాగులో ఒక్కో గుక్క తాగి, ఏ నీళ్లు మంచివో చెప్పాలి. ఆ తర్వాతే కప్పలు గుడ్లు పెట్టాలి.

ఆ ఏడు నున్నయ్య పీకలదాకా చేపలు తిన్నాడు. కొండెక్కడానికి ఒళ్లు వంగలేదు. ఏటి ఒడ్డున పడుకునే మూతి ముంచి ఒక గుక్క తాగాడు.

"మూడు వాగులూ వచ్చి చేరేది ఇందులోకేగా! ఇది తాగితే మూడూ తాగినట్టే," అనుకున్నాడు. అబ్బో, ఎంత తెలివో! పక్కనున్న బండరాయి ఎక్కి గట్టిగా అరిచాడు.

"మూడూ తియ్యగా ఉన్నాయహో!"

బెక్కమ్మ అనే కప్పకు కడుపునిండా గుడ్లు. ఇవాళో రేపో పెట్టెయ్యాలి. దగ్గర కదా అని మర్నాడు నడిమి వాగుకు గెంతింది. కాలు పెట్టగానే చురుక్కుమంది. పైన కొండచరియ విరిగి, పసుపుపచ్చ రాయి బయటపడి, ఆ నీళ్లన్నీ పుల్లగా మారిపోయాయి. నీళ్లకు కాలు మండితే, నున్నయ్య మీద ఒళ్లు మండింది. అయినా నవ్వుమొహం పెట్టుకుని వెళ్లి అతన్ని పిలుచుకొచ్చింది.

"బాబాయ్, ఎంత మంచి నీళ్లు చూపించావు! ముందు నువ్వొక గుక్క తాగి శుభం పలుకు."

నున్నయ్య తాగాడు. పళ్లు జివ్వుమన్నాయి. మీసాలు నిక్కబొడుచుకున్నాయి. పరువు పోతుందని, "ఆహా, తేనె!" అన్నాడు.

"అయితే నా పిల్లల పేరున ఇంకో గుక్క."

తాగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆనందం తల్లీ, ఆనందం!" అన్నాడు.

"అయితే నీ మాట పేరున మూడోది!"

మూడోది గొంతు దిగలేదు. థూ అని ఉమ్మేశాడు. "అమ్మో! దీనికన్నా పచ్చి చింతకాయ నయం!" అని నాలుక బయటపెట్టి గెంతులు వేశాడు.

బెక్కమ్మ నవ్వలేదు. ఒక రాతి కిందకు చూపించింది. నిన్న ఆమె చెల్లెలు పెట్టిన గుడ్లు అక్కడున్నాయి. అన్నీ తెల్లగా పాలిపోయాయి.

"నువ్వు చెప్పావనే పెట్టింది బాబాయ్."

నున్నయ్య సిగ్గుతో తల దించుకున్నాడు. "ఏట్లో మాత్రం తియ్యగానే ఉన్నాయే," అని గొణిగాడు.

"మూడిళ్ల పులుసు ఒకే గిన్నెలో పోస్తే, ఎవరింట్లో పులుపెక్కువైందో తెలుస్తుందా? సర్లే, నేనింక ఆగలేను. వంగు!" అని బెక్కమ్మ అతని వీపెక్కింది.

నున్నయ్య నిండు పొట్టతో రొప్పుతూ కొండెక్కాడు. ఒక వాగులో ఆకులు కుళ్లి నీళ్లు చేదు. ఇంకో వాగు సున్నపురాళ్ల మీంచి తేటగా పారుతోంది. వాచిన నాలుకతో ఒకటికి రెండుసార్లు తాగి చూశాడు.

"ఇది మంచిది. ఈసారి నిజం," అన్నాడు.

బెక్కమ్మ అక్కడే గుడ్లు పెట్టింది. కొన్నాళ్లకు ఆ వాగునిండా తోకకప్పలే! పాపం, చెల్లెలు మాత్రం గట్టున కూర్చుని వాటిని చూస్తూ ఉండిపోయింది.

మరుసటేడు తొలకరికి ఆ చెల్లెలే వచ్చి నున్నయ్య నెత్తి మీద కూర్చుంది.

"పద బాబాయ్. నువ్వు తాగు, నేను చూస్తా," అంది.

నున్నయ్య ఆమెను మోసుకుంటూ కొండెక్కాడు.

నీతి: ఒకదాన్ని చూసి అన్నిటికీ మాట ఇవ్వకూడదు. చూడనిదాన్ని చూశానని చెబితే, నష్టపోయేది మనల్ని నమ్మినవాళ్లే.